మెదడు లోతుల్లో నొప్పి సిగ్నల్ దొరికిందట. మనలాంటి వాళ్లకి దీంతో ఏమైనా ఒరుగుతుందా?

#1 · కుడివైపు_మంట

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. పక్షవాతం వచ్చి తగ్గింది. చెయ్యి ఆడుతోంది, మాట స్పష్టంగానే ఉంది. కానీ కుడి సగం ఒళ్లంతా మంట. చల్లగాలి సోకినా నిప్పు అంటినట్టే ఉంటుంది. చూసేవాళ్లకి మాత్రం నేను బాగైపోయిన మనిషిని. "స్కానింగులో కొత్తగా ఏమీ లేదు కదా" అన్న మాట డాక్టరు దగ్గరా, ఇంట్లోనూ, ఆఫీసులోనూ విని విని విసుగొచ్చేసింది.

2023లో వచ్చిన ఒక పరిశోధన గురించి ఈమధ్యే చదివాను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లది. దీర్ఘకాలిక నొప్పి ఉన్న నలుగురికి మెదడు లోపల ఎలక్ట్రోడ్లు పెట్టి, నెలల తరబడి విద్యుత్ సంకేతాలు రికార్డు చేశారు. నొప్పి ఎప్పుడు ఎక్కువుంది, ఎప్పుడు తక్కువుంది అన్నది ఆ సిగ్నల్ చూసే చెప్పగలిగారట. ఆ నలుగురిలో ముగ్గురు నాలాగే పక్షవాతం తర్వాత నొప్పి మిగిలినవాళ్లు.

సూటిగా అడుగుతున్నా. "ఈ మనిషికి నిజంగానే నొప్పి ఉంది" అని యంత్రం కాగితం మీద రాసిచ్చే రోజు వచ్చినట్టేనా?

#2 · తరంగిణి

నేను ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలు రికార్డు చేసే పద్ధతి) సిగ్నల్స్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఆ పేపర్ మా గ్రూపులో అందరం కూర్చుని చదివాం. నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చింది. మొదటి రచయిత ప్రసాద్ షిర్వల్కర్, సర్జన్ ఎడ్వర్డ్ చాంగ్.

వాళ్లు ఎలక్ట్రోడ్లు పెట్టినవి రెండు చోట్ల. ఒకటి యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ (కార్టెక్స్ అంటే మెదడు పైపొర), మెదడు రెండు అర్ధగోళాలూ ఎదురెదురుగా ఉండే లోపలి గోడ మీద ముందువైపు ఉంటుంది. రెండోది ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్, కళ్ల గుంతలకి సరిగ్గా పైన ఉంటుంది. వైర్లు చర్మం కిందుగా దిగి ఛాతీలో అమర్చిన చిన్న పరికరానికి కలుస్తాయి. ఆ పరికరం కరెంటు పంపగలదు, మెదడు నుంచి వచ్చేది వినగలదు కూడా.

నాకు నచ్చిన సంగతేంటంటే, ఇదంతా ల్యాబులో జరగలేదు. పేషెంట్లు ఇంటికెళ్లిపోయి వాళ్ల పనులు వాళ్లు చేసుకుంటూ ఉన్నారు. రోజులో చాలాసార్లు నొప్పి ఎంతుందో ప్రశ్నలకి జవాబిచ్చి, రిమోట్ మీద బటన్ నొక్కేవాళ్లు. అప్పుడు 30 సెకన్ల మెదడు సిగ్నల్ రికార్డయ్యేది. మూడు నుంచి ఆరు నెలలు ఇలా సాగింది. తర్వాత మెషీన్ లెర్నింగ్‌తో సిగ్నల్‌నీ స్కోరునీ జతకలిపి చూస్తే, నొప్పి ఎక్కువున్న స్థితినీ తక్కువున్న స్థితినీ వేరు చేయగలిగింది. అందులో ఆర్బిటోఫ్రంటల్ నుంచి వచ్చిన సిగ్నలే ఎక్కువ పనికొచ్చింది.

మామూలు ఎమ్మారై స్కానింగులో మనిషి గంటసేపు కదలకుండా పడుకోవాలి. పైగా ఫంక్షనల్ ఎమ్మారై కొలిచేది రక్తంలో ఆక్సిజన్ మార్పుని, అది నాడీకణాల కంటే కొన్ని సెకన్లు వెనకబడి నడుస్తుంది. దీర్ఘకాలిక నొప్పి గంటలో అర్థమయ్యేది కాదు. పొద్దున ఒకలా, రాత్రి ఒకలా, వచ్చేవారం ఇంకోలా ఉంటుంది. దాన్ని దాని సొంత వేగంలో పట్టుకోవడం అంతకు ముందు ఎవరికీ కుదరలేదు.

మీ చివరి ప్రశ్నకి నా జవాబు "కాదు" అనే. ఎందుకో తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు మీటింగ్ ఉంది.

#3 · రెండు_పైసలు

నలుగురు. మొత్తం నలుగురు! మా కంపెనీలో వెబ్‌సైట్ బటన్ రంగు మార్చాలన్నా ఇంతకంటే ఎక్కువమంది మీద పరీక్షిస్తారు. మెషీన్ లెర్నింగ్‌తో చేతిలో డేటా ఉంటే ఏ రెండిటి మధ్యనైనా సంబంధం తేల్చొచ్చు. నేను రోజూ చేసే పనే అది కాబట్టి చెబుతున్నా. మనవాళ్లు ఆశ పెట్టుకునే ముందు ఈ మాట ఎవరో ఒకరు అనాలి కదా.

#4 · తరంగిణి

రెండు_పైసలు గారూ, అనాల్సిన మాటే. కానీ ఇక్కడ లెక్క వేరు. నలుగురినీ కలిపి ఒక మోడల్ కట్టలేదు, ఎవరి మోడల్ వాళ్లదే. ఒక్కొక్కరి దగ్గర నెలల పాటు పోగైన రికార్డింగులున్నాయి. కొన్నిటితో మోడల్‌కి నేర్పి, అది చూడని మిగతా వాటిమీద పరీక్షించారు. కాబట్టి ఒక మనిషి లోపల ఆ సంబంధం నిజంగా ఉందా అన్న ప్రశ్నకి డేటా సరిపోతుంది.

సరిపోనిది ఎక్కడంటే, నలుగురి నుంచి ఐదో మనిషికి వెళ్లేటప్పుడు. ఒకరి మెదడులో నొప్పితో పాటు మారే ఫ్రీక్వెన్సీ ఇంకొకరిలో అచ్చం అలాగే మారాలని లేదు. అందరికీ కొంత ఉమ్మడి ధోరణి కనిపించినా, చివరికి పనిచేసిన మోడల్ మాత్రం ఎవరి వేలిముద్ర వాళ్లకే అన్నట్టు ఉంది.

పేపర్‌లో నన్ను ఆపేసిన ఇంకో సంగతి. అదే పేషెంట్లకి ల్యాబులో చర్మం మీద వేడి తగిలించి, అప్పటికప్పుడు పుట్టే నొప్పిని కూడా రికార్డు చేశారు. ఆ తక్షణ నొప్పికి కొందరిలో సింగ్యులేట్ ఎక్కువ స్పందించింది. నెలలుగా సొంతంగా వచ్చిపోయే నొప్పికి మాత్రం ఆర్బిటోఫ్రంటల్. అంటే దీర్ఘకాలిక నొప్పి అనేది ఆగకుండా సాగుతున్న తక్షణ నొప్పి కాదు, మెదడులో దాని నడకే వేరు. వేడి సూది తగిలించి చేసిన ఎన్నో ప్రయోగాల నుంచి మనం దీర్ఘకాలిక నొప్పి గురించి తీసిన తీర్మానాలు ఎంతవరకు నిలుస్తాయో మళ్లీ చూసుకోవాల్సిందే.

#5 · అద్దం_ముందు

ముగ్గురు పక్షవాతం వాళ్లు అన్నారు కదా, నాలుగో మనిషి మా జట్టు. కాలు తీసేశాక, లేని కాలు నొప్పెట్టే రకం. నాదీ అదే. లేని బొటనవేలు మెలితిరిగిపోతున్నట్టు ఉంటుంది, ఎవరికైనా చెబితే ముందు నవ్వుతారు, తర్వాత జాలిపడతారు. రెండూ వద్దనిపిస్తుంది.

తరంగిణి అక్కా, ఒక డౌటు. నాకు నొప్పి పదికి ఏడు ఉన్న రోజు కూడా పని చేసుకోగలను. ఒక్కోరోజు నాలుగే ఉంటుంది కానీ ప్రాణం పోతున్నట్టుంటుంది, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. డాక్టరు అడిగే "పదికి ఎంత" అన్న ప్రశ్నలో ఈ తేడా పట్టదు. ఆ ఎలక్ట్రోడ్లు కొలిచింది ఏడునా, ప్రాణం పోతున్నట్టు ఉండడాన్నా?

#6 · చదువరి64

అద్దం_ముందు, మంచి ప్రశ్న వేశావు నాయనా. నేను ఫిజియాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం పాత చరిత్ర చెబుతా, ఓపిగ్గా చదువు.

తీవ్రత వేరు, బాధ వేరు అన్నది సర్జన్లకి చాలాకాలం నుంచీ తెలుసు. ఫోల్ట్జ్, వైట్ అనే ఇద్దరు 1962లో ఒక పేపర్ రాశారు. తగ్గని నొప్పి ఉన్నవాళ్లకి సింగ్యులేట్ దగ్గర చిన్న గాటు పెడితే, కొందరు పేషెంట్లు చిత్రమైన మాట చెప్పేవాళ్లు: నొప్పి ఉంది, కానీ నన్ను అంతగా పట్టి పీడించడం లేదు అని. 1997లో రేన్‌విల్ బృందం ఇదే సంగతిని కోత లేకుండా చూపించింది. హిప్నోసిస్‌తో "ఇది అంత బాధాకరం కాదు" అని సూచన ఇచ్చి, చేతిని వేడినీళ్లలో పెట్టించారు. వేడి మారలేదు, బాధ మారింది. బాధతో పాటు సింగ్యులేట్‌లో చలనం మారింది. స్పర్శని పటంలా గీసుకుని ఉంచే సొమాటోసెన్సరీ కార్టెక్స్ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆర్బిటోఫ్రంటల్ పని ఇంకొంచెం వేరు. ఎదురైనది మనకి మంచిదా చెడ్డదా, దీనికోసం ఏం వదులుకోవచ్చు అని విలువ కట్టే చోటు అది. నీ నాలుగు మార్కుల రోజు ప్రాణం పోయినట్టు ఎందుకుంటుందో వెతకాలంటే అక్కడ వెతకడం సబబే. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు పేషెంట్లని తీవ్రత ఎంత, బాధ ఎంత అని విడివిడిగానే అడిగారు. ఎలక్ట్రోడ్లకి ఆ చోట్లు ఎంచుకున్నారంటేనే వాళ్ల దృష్టి ఎటుందో తెలుస్తోంది. వెన్నుపాము నుంచి సమాచారం వచ్చే దారిలో కాకుండా, వచ్చిన సమాచారాన్ని మనిషి ఎలా మోస్తున్నాడో తేల్చే చోట విన్నారు.

#7 · ఓటీ_సిస్టర్

న్యూరోసర్జరీ థియేటర్లో పనిచేస్తాను. డీబీఎస్ (మెదడు లోతుల్లో తీగ పెట్టి కరెంటుతో స్టిమ్యులేషన్ ఇవ్వడం) కేసులు చాలా చూశాను, ఎక్కువగా పార్కిన్సన్స్ వాళ్లవి. ఇక్కడ చర్చ పైపైకి వెళుతోంది కాబట్టి నేలమీది విషయాలు కొన్ని.

తలకి ఫ్రేమ్ బిగిస్తారు, ఎమ్మారై, సీటీ చూసి దారి లెక్కగడతారు, పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి సన్నటి తీగ దించుతారు. చాలా కేసుల్లో ఆ దశలో పేషెంటు మెలకువగానే ఉంటారు, మాతో మాట్లాడతారు కూడా. మెదడు కణజాలానికి నొప్పి పసిగట్టే నాడీ కొసలు లేవు కాబట్టి అది సాధ్యం. (నొప్పి మొత్తాన్నీ అనుభవించే అవయవానికి తనమీద గాటు పడితే తెలియదు. ఎన్ని కేసులు చూసినా నాకిది వింతే.)

రిస్కు గురించి దాచకూడదు. మెదడులో రక్తస్రావం వందలో ఒకరిద్దరికి అవుతుంది. ఇన్ఫెక్షన్ అంతకంటే ఎక్కువ. తీగ జరగడం, తెగడం, బ్యాటరీ అయిపోతే మళ్లీ ఛాతీ దగ్గర చిన్న ఆపరేషన్, ఇవన్నీ ఉంటాయి. కుడివైపు_మంట గారూ, ఆ నలుగురూ "నా నొప్పి నిజమని తేల్చండి" అని అడిగి తల తెరిపించుకోలేదు. మిగతా వైద్యాలకి లొంగని నొప్పికి స్టిమ్యులేషన్ ట్రయల్లో చేరారు, ఆ ఎలక్ట్రోడ్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి వాటితో విన్నారు. రుజువు కోసం ఈ ఆపరేషన్ ఎవరూ చెయ్యరు, చెయ్యకూడదు కూడా.

#8 · రెండు_పైసలు

సిస్టర్ గారికి థాంక్స్. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నొప్పికి డీబీఎస్ కొత్తదేం కాదు. తవ్వితే తేలింది ఇది: అమెరికాలో మెడ్‌ట్రానిక్ పరికరాలతో రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి, ఒకదాంట్లో 196 మంది, ఇంకోదాంట్లో 50 మంది. ఏడాది తర్వాత కనీసం సగం మందికి నొప్పి సగానికి తగ్గాలన్నది లక్ష్యం. రెండూ ఆ గీత దాటలేదు. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నొప్పికి ఎఫ్‌డీఏ (మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే అమెరికా సంస్థ) ఆమోదం అడగడమే కంపెనీ మానేసింది. అదే డీబీఎస్‌కి వణుకు జబ్బుకి 1997లో, పార్కిన్సన్స్‌కి 2002లో ఆమోదం వచ్చింది.

అంటే చేతి వణుకు ఆగింది, నొప్పి ఆగలేదు. ఇరవై ఏళ్ల తర్వాత అదే తీగ మళ్లీ పట్టుకొచ్చి, ఈసారి ఏఐ ఉంది కాబట్టి పనిచేస్తుంది అంటే నేను చప్పట్లు కొట్టను.

#9 · చదువరి64

కొట్టొద్దులే. కానీ ఆ వైఫల్యంలో ఒక పాఠం ఉంది, అది వదిలేస్తే కథ సగమే చెప్పినట్టు.

మొదట్లో అంత నమ్మకం ఎందుకొచ్చిందో చూడు. 1969లో రేనాల్డ్స్ అనే ఆయన, ఎలుక మధ్యమెదడులో పెరియాక్విడక్టల్ గ్రే అనే చోట కరెంటు పెట్టి, మత్తుమందు లేకుండా పొట్ట కోసి ఆపరేషన్ చేశాడు. ఎలుక నొప్పితో గింజుకోలేదు. 1975లో హ్యూస్, కోస్టర్లిట్జ్ మెదడులోనే తయారయ్యే నల్లమందు లాంటి పదార్థాన్ని, ఎన్‌కెఫలిన్‌ని, పట్టుకున్నారు. రెండూ కలిపితే బొమ్మ పూర్తయినట్టే అనిపించింది: మెదడుకి సొంతంగా నొప్పిని అణిచే స్విచ్ ఉంది, మనం వెళ్లి నొక్కితే చాలు.

నొక్కారు. మొదటి నెలల్లో చాలామందికి బాగానే ఉండేది, తర్వాత తర్వాత ఫలితం సన్నగిల్లేది. ఎంపిక చేసిన పేషెంట్లలో రకరకాల నొప్పులవాళ్లు కలిసిపోయారు, అదొక కారణం. ఇంకోటి, కరెంటు రాత్రింబవళ్లు ఒకే మోతాదులో పారుతూ ఉండడం. ఎండైనా వానైనా విప్పిన గొడుగు మూయకపోవడం లాంటిది అది. నొప్పి లేని గంటల్లో కూడా స్టిమ్యులేషన్, మెదడు దానికి అలవాటు పడిపోతుందన్న అనుమానం.

పార్కిన్సన్స్‌లో ఈ చిక్కు ఎలా విప్పారంటే, సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే మెదడు లోపలి చిన్న భాగంలో 13 నుంచి 30 హెర్ట్జ్ (సెకనుకి అన్నిసార్లు) మధ్య ఉండే బీటా తరంగం. బిగుతు పెరిగితే అది పెరుగుతుంది, మందు పనిచేస్తే తగ్గుతుంది. పరికరం దాన్ని వింటూ కరెంటు హెచ్చుతగ్గులు చేసుకుంటుంది. 2025లో ఎఫ్‌డీఏ దీన్ని ఆమోదించింది. మూర్ఛకి ఫిట్స్ మొదలవడం పసిగట్టి అడ్డుకునే పరికరం 2013 నుంచే ఉంది. డిప్రెషన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లే 2021లో ఒక్క పేషెంటు మీద ఇలా వినీ స్పందించే స్టిమ్యులేషన్ చేసి చూపించారు.

నొప్పికి ఇన్నాళ్లూ లేనిది ఆ వినదగ్గ సంకేతమే. 2023 పేపర్ విలువ అక్కడ. అదొక చికిత్స కాదు, చికిత్సకి కావలసిన చెవి.

#10 · నడుం_పట్టేసింది

ఇంత పెద్ద చర్చలో చిన్న ప్రశ్నకి క్షమించాలి. నాది మామూలు నడుంనొప్పి, ఏళ్లుగా ఉంది. తల తెరిపించుకునే ఉద్దేశం బొత్తిగా లేదు :) నెట్‌లో తలకి పెట్టుకునే బ్యాండ్లు అమ్ముతున్నారు. "మీ నొప్పి తరంగాలు చూసుకోండి, ధ్యానంతో మార్చుకోండి" అంటూ. లోపలి ఎలక్ట్రోడ్లు చూసేది అవి పైనుంచి చూడలేవా?

#11 · తరంగిణి

ఇది నా పేటే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

తల చర్మం మీద మనం పట్టుకునే ఈఈజీ సిగ్నల్ వోల్టులో లక్షల వంతుల్లో ఉంటుంది. దారిలో మెదడు చుట్టూ ఉన్న ద్రవం, ఎముక, చర్మం దాటాలి. అందుకే పైకి వినిపించేది ఒకే దిశలో వరసగా ఉన్న కణాలు వేలకి వేలు ఒకేసారి స్పందించినప్పుడే. ఆర్బిటోఫ్రంటల్ అయితే మెదడు అడుగుభాగంలో, నేరుగా కళ్ల మీద ఉంటుంది. నుదుటి మీద ఎలక్ట్రోడ్ పెడితే ముందు వచ్చేది కనురెప్పల కదలిక, ఆ తర్వాత నుదుటి కండరాల బిగుతు. నొప్పితో ఉన్న మనిషి మొహం బిగిస్తాడు కదా, ఆ కండరాల సిగ్నల్ సరిగ్గా గామా తరంగాలుండే 30 హెర్ట్జ్ పైన వచ్చిపడుతుంది. బ్యాండు "నొప్పి గామా" అని చూపించేది చాలాసార్లు మీ నుదుటి ముడతనే.

అలాగని పైనుంచి చూసే ఈఈజీ దండగ అనను. రోడోల్ఫో ల్లినాస్ 1999లో ఒక ప్రతిపాదన చేశాడు. థాలమస్‌కి, అంటే ఒంటి నుంచి వచ్చే సమాచారాన్ని కార్టెక్స్‌కి అందించే మెదడు మధ్యభాగానికి, రావలసిన సమాచారం తెగిపోతే అక్కడి కణాలు నెమ్మదైన తీటా లయలోకి, అంటే 4 నుంచి 8 హెర్ట్జ్‌లోకి, జారిపోతాయి, కార్టెక్స్ కూడా దాంతో కలిసి ఆ లయలో చిక్కుకుంటుంది అని. నరాల వల్ల వచ్చే నొప్పి ఉన్న కొందరి ఈఈజీలో తీటా ఎక్కువగా కనిపించింది కూడా. కానీ అది గుంపుల మధ్య సగటు తేడా. ఒక మనిషి తలకి బ్యాండు పెట్టి "నీకు నొప్పి ఉంది" అని చెప్పేంత గట్టి గుర్తు కాదు.

నడుంనొప్పి గురించి వేరే దారిలో మంచి పని జరిగింది. అప్కారియన్ ల్యాబ్ 2012లో, కొత్తగా నడుంనొప్పి వచ్చినవాళ్లని ఏడాది పాటు ఫంక్షనల్ ఎమ్మారైతో గమనించింది. ఎవరిలో ముందుభాగపు కార్టెక్స్‌కీ న్యూక్లియస్ అకంబెన్స్‌కీ మధ్య లంకె బలంగా ఉందో, వాళ్లకే నొప్పి తగ్గకుండా స్థిరపడే అవకాశం ఎక్కువని తేలింది. అకంబెన్స్ కోరిక, ప్రేరణ, నేర్చుకోవడం చూసుకునే చోటు. అక్కడిదాకా ఎవరి బ్యాండూ చేరదు. డబ్బులు దాచుకోండి.

#12 · కుడివైపు_మంట

అందరూ ఇంత ఓపిగ్గా రాస్తున్నందుకు సంతోషం. కానీ నా మొదటి ప్రశ్న మీద సిస్టర్ గారు తప్ప ఎవరూ గట్టిగా ఆగలేదు. ఆపరేషన్ సంగతి పక్కన పెట్టండి. ఆ నలుగురి విషయంలో అయినా, మనిషి నోరు విప్పకుండా యంత్రం నొప్పి ఎంతో చెప్పింది కదా. అంటే నొప్పి "మన ఊహ" కాదని తేలిపోయినట్టేగా? నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే. మా ఆఫీసు మెడికల్ బోర్డు ముందు పెట్టడానికి.

#13 · రెండు_పైసలు

ఈసారి నేను మీ పక్షానే మాట్లాడతా, వినండి.

ఆ మోడల్‌కి నొప్పి ఎంతో ఎవరు నేర్పారు? పేషెంటు. బటన్ నొక్కి "ఇప్పుడు ఏడు" అని వాళ్లు చెప్పిందే దానికి జవాబు పత్రం. ఆ ఏడులు, నాలుగులు లేకపోతే ఆ సిగ్నల్ ఒట్టి గీతలు. ఏ మోడల్‌కైనా నేర్పడానికి వాడిన లేబులే కొలబద్ద, మోడల్ దాన్ని మించి నిజం చెప్పలేదు. రేపు మోడల్ "మూడు" అని, పేషెంటు "ఎనిమిది" అంటే తప్పింది మోడల్ అని లెక్క వేసుకుంటాం. మోడల్ ఎంత బాగుందో తేల్చేది కూడా ఆ పోలికతోనే కాబట్టి.

మీ మాటని నమ్మనివాడు ఈ యంత్రాన్ని కూడా నమ్మలేడు, ఎందుకంటే యంత్రం నిలబడింది మీ మాట మీదే. మీ మాటని నమ్మేవాడికి యంత్రంతో పని లేదు. మెడికల్ బోర్డు ముందు దీన్ని రుజువుగా పెడితే ఎవడో ఒకడు "అయితే ఈయనకీ ఎలక్ట్రోడ్ పెట్టించండి, చూద్దాం" అంటాడు.

#14 · తరంగిణి

నేను తీరిగ్గా రాస్తానన్నది రెండు_పైసలు గారు రాసేశారు, నాకంటే బాగా. ఒకటి కలుపుతాను. నొప్పి పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ వేసిన బృందం 2017లో ఇదే విషయం మీద నివేదిక ఇచ్చింది. మెదడు చిత్రాలతో ఒకరికి దీర్ఘకాలిక నొప్పి ఉందో లేదో కోర్టుల్లో, బీమాల్లో తేల్చడం తగదని చెప్పింది. అప్పటికే న్యాయస్థానాల్లో అలాంటి ప్రయత్నాలు మొదలయ్యాయి కాబట్టే ఆ అవసరం పడింది.

అదే సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించింది. కణజాలానికి దెబ్బ తగిలినా, తగిలినట్టు అనిపించినా, ఆ అనుభవం నొప్పే అని. దానికి జోడించిన వివరణల్లో ఒకటి: ఒక మనిషి తనకి నొప్పి ఉందని చెబితే దాన్ని గౌరవించాలి. కుడివైపు_మంట గారూ, బోర్డు ముందు పెట్టాలంటే ఈ కాగితం పెట్టండి.

#15 · అద్దం_ముందు

బోర్డు వాళ్లు నిర్వచనాలు చదువుతారంటారా అక్కా? మీరంతా లాజిక్ మాట్లాడుతున్నారు, బాగుంది. నాకు మాత్రం ఆ రుజువు ఎదురుతిరిగే రోజే కళ్లముందు కనిపిస్తోంది. తలలో పరికరం ఉన్నవాడి డేటా ఎవరి దగ్గర ఉంటుంది? వాడికి నొప్పి తక్కువున్న గంటలన్నీ ఏరి "చూశారా, పని చెయ్యగలడు" అంటే? నేను నొప్పి తగ్గిన గంటలో నవ్వుతాను, సినిమా చూస్తాను. అది కూడా రికార్డయితే మళ్లీ నేనే సంజాయిషీ ఇచ్చుకోవాలి. అలాంటి మీటరు నాకొద్దు.

#16 · కుడివైపు_మంట

అద్దం_ముందు, నువ్వు చెప్పింది నేను ఆలోచించలేదని కాదు. కానీ నీ లేని కాలు కనీసం కళ్లకి కనిపిస్తుంది తమ్ముడూ. నాకు అదీ లేదు. నమ్మకపోవడం అలవాటైన చోట ఉన్నవాడికి ఏ మీటరైనా ముద్దే. నీకూ నాకూ ఇక్కడ కుదరదులే.

#17 · మోడరేటర్

ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు కాబట్టి దారం తెరిచే ఉంచుతున్నా. ఒక సభ్యుడు మందుల మోతాదులు రాసిన పోస్టు తీసేశాను. మోతాదులు ఇక్కడ వద్దు, నిబంధనల్లో ఉంది.

#18 · చదువరి64

కుడివైపు_మంట గారూ, మీకు ఒక సంగతి. మీ జబ్బుకి పేరుంది. 1906లోనే డెజెరిన్, రూసీ అనే ఫ్రెంచి వైద్యులు థాలమస్ దెబ్బతిన్నవాళ్లలో ఈ మంటని వర్ణించారు. పక్షవాతం వచ్చినవాళ్లలో వందకి సుమారు ఎనిమిది మందికి వస్తుందని లెక్క. వేడీ చల్లదనం తెలిపే దారి తెగడం, అదే సమయంలో చల్లదనం తగిలితే మండడం, రెండూ కలిసి కనిపించడం దీని ముఖ్య లక్షణం. "స్కానింగులో కొత్తగా ఏమీ లేదు" అంటున్నారు కదా, కొత్తది ఉండనక్కర్లేదు. పాత పక్షవాతం మచ్చ ఎక్కడుందో, నొప్పి ఒంటిలో ఏ భాగాన ఉందో, రెండూ సరిపోతున్నాయా అన్నదే చూడాలి. దూదితో, చల్లటి లోహంతో, సూదితో రెండు వైపులా పోల్చి చూసే పరీక్ష పది నిమిషాల పని. అది రాతపూర్వకంగా ఇవ్వమని న్యూరాలజిస్టుని అడగండి. ఎలక్ట్రోడ్ల కంటే మీకు ఆ కాగితం ఎక్కువ పనికొస్తుంది.

#19 · కుడివైపు_మంట

ఈ పరీక్ష నాకు ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. థాంక్సండీ మాస్టారూ. స్టిమ్యులేషన్ అంటూ వెళ్తే కోత లేనిది ఏమైనా ఉందా?

#20 · తరంగిణి

ఉంది. తల మీద అయస్కాంతపు కాయిల్ పెట్టి, కార్టెక్స్‌లో కదలికలు చూసుకునే భాగం మీద పల్సులు ఇచ్చే పద్ధతి, ఆర్‌టీఎంఎస్ అంటారు. సాధారణంగా 10 హెర్ట్జ్ వాడతారు. దీని వెనక ఆలోచన 1991లో జపాన్‌లో సుబోకవా అదే చోట పుర్రె కింద ఎలక్ట్రోడ్ పెట్టి, మీలాంటి నొప్పికే చేసిన పని నుంచి వచ్చింది. అందరికీ పనిచెయ్యదు, పనిచేసినా కొన్నాళ్లకి మళ్లీ సెషన్లు కావాలి. ఫిట్స్ చరిత్ర ఉంటే ముందే చెప్పాలి.

లోతైన స్టిమ్యులేషన్ గురించి ఆశ ఎంత పెట్టుకోవాలో తెలియాలంటే క్లీవ్‌లాండ్ క్లినిక్ 2017 ట్రయల్ చూడండి. పక్షవాతం తర్వాతి నొప్పి ఉన్న పదిమందికి వెంట్రల్ స్ట్రయేటమ్ (నేను పైన చెప్పిన అకంబెన్స్ ఉండే ప్రాంతం) దగ్గర ఎలక్ట్రోడ్లు పెట్టారు. నొప్పి వల్ల వచ్చే ఇబ్బంది అనే అసలు లక్ష్యంలో గెలవలేదు. కానీ దిగులు, ఆందోళన తగ్గాయి. అద్దం_ముందు అడిగిన ఏడు, నాలుగు తేడా అక్కడ మళ్లీ కనిపిస్తుంది.

ఇంకోటి, స్కోరు డైరీ రాస్తుంటే తీవ్రతకి ఒక అంకె, బాధకి ఒక అంకె విడిగా వేయండి. నిద్ర, చలి పక్కనే రాయండి. న్యూరాలజిస్టుకి చూపిస్తే మందు మార్చడానికి పనికొస్తుంది.

#21 · ఓటీ_సిస్టర్

ఆర్‌టీఎంఎస్‌కి వెళ్లేముందు తలలో క్లిప్పు, పేస్‌మేకర్, చెవి ఇంప్లాంటు లాంటివి ఉంటే రాసిచ్చే ఫారంలో తప్పకుండా పెట్టండి. పక్షవాతం అప్పుడు ఏమైనా వేశారేమో పాత డిశ్చార్జి సమ్మరీలో చూసుకోండి. చాలామంది దాన్ని ఇంట్లో మర్చిపోయి వస్తారు, ఆ రోజు సెషన్ వాయిదా పడుతుంది.